బెల్లం మాట, ఐసు మాట

జనవరి 4, 1998, ఆదివారం

పోతమ్మ అన్న మాట ఏడేళ్లయినా నా గొంతులో చేపముల్లు లాగే ఉంది.

నా మనవరాలు అనూరాధకి ఎనిమిదో ఏట చక్కెర రోగం బయటపడింది. పెద్దాసుపత్రి వరండాలో, అంతమంది ముందు, నా కోడలి తల్లి పోతమ్మ నా ముఖానికి వేలు చూపించి అంది: "ఈ ముసిలోడే. రోజూ సందేల బెల్లం ముక్కలు తెచ్చి గుంట నోట్లో ఎట్టీవోడు. ఈడి సేతి బెల్లమే దాని రగతంలో దిగింది."

డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. ఇది బెల్లం వల్ల రాదు, ఒంట్లో ఊరవలసిన మందు ఒకటి ఊరడం మానేసింది, అందుకే రోజూ సూదితో ఎక్కించాలి, దీనికి ఎవరూ కారణం కాదు అంది. నేను విన్నాను. నా కొడుకు మోహన్ విన్నాడు. పోతమ్మ వినలేదు. అప్పటికే తన ఊరు రుషికొండకి బస్సు ఎక్కేసింది. ఆ మాట అక్కడి నుంచి మా జాలారిపేట దాకా ఒడ్డు పొడవునా పాకింది. పెళ్లిలో అంటారు, చావులో అంటారు. ఒకసారి వెళ్లి ఆవిడ వలలు దాచుకునే కొట్టు తలుపు విరగ్గొట్టి వచ్చాను. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇది ఎవరూ చదవడానికి కాదు. నాకు రాయడం నేర్పింది అనూరాధే. నేను రెండో తరగతి దాటలేదు. ఈ వయసులో నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. ఒత్తు తప్పితే నెత్తిన మొట్టేది. నన్ను మొట్టి నవ్వుకుంటూ వెళ్లిన మనిషి ఈ ఒడ్డు మీద ఇంకొకరు లేరు.

మార్చిలో పదో తరగతి పెద్ద పరీక్ష. మా వీధిలో ఆడపిల్ల ఎవరూ దాని దాకా వెళ్లలేదు. పాసైతే నర్సు ట్రైనింగుకి వెళ్తానంటోంది. లెక్కల్లో క్లాసుకి మొదటిది.

జనవరి 12

జగ్గయ్యని కొట్టాను.

మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. సూది మందు చల్లగా ఉండాలి కాబట్టి ఇన్నాళ్లూ వాడి కూల్‌డ్రింకుల షాపు ఫ్రిజ్జులో పెట్టేవాళ్లం. వాడు ఆ సీసా గిరాకీలకి చూపించి కథలు చెబుతున్నాడని తెలిసింది. వెళ్లి అడిగాను.

"జగ్గయ్యా, మా గుంట సంగతి ఊరంతా సెప్తన్నావంట."

"ఉన్న మాటే గదా మావా. రోగం దాత్తే దాగుతాదేటి. రేపు పెళ్లిసూపులకి వచ్చినోళ్లకి తెలీదేటి."

చేతికి అందిన సోడాబుడ్డితో చెవి పక్కన వేశాను. చెవి సగం వేలాడింది. కింద పడ్డాక కూడా రెండు తన్నాను. వాడి పెళ్లాం అరుస్తుంటే ఫ్రిజ్జులోంచి మా సీసాలు తీసుకుని వచ్చేశాను. చొక్కా మీద రక్తం వాడిదే.

కోడలు చిట్టమ్మ ఏడ్చింది. "ఇప్పుడు మందు ఎక్కడ ఎడతావు మావా."

"నాకు ఐసు గురించి ఎవులూ నేర్పక్కర్లేదు," అన్నాను.

స్కూల్లో కూడా ఈ రోగం సంగతి చెప్పకూడదని మొదటి నుంచీ నా మాట. చెబితే పిల్లని వేరుగా కూర్చోబెడతారు. చెప్పిన నోరు ఇంట్లోదైనా పగలగొడతానన్నాను. ఎవరూ చెప్పలేదు.

జనవరి 15

హార్బరులో నాకు చెక్క పెట్టె ఉంది. లోపల రేకు, చుట్టూ రంపపు పొట్టు. సముద్రంలోకి వెళ్లడం మానేసినా పెట్టె మానలేదు. ఐసు మోసే అబ్బులు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెస్తాడు. దాన్ని పిండిలా కొట్టి, పైన కల్లుప్పు చల్లి, మధ్యలో సీసాలు పాతాను. పై రకం రొయ్యకి అలాగే చేస్తాం. ఉప్పు పడితే ఐసుకి పదును వస్తుంది. జగ్గయ్య ఫ్రిజ్జు కరెంటు పోతే చెమట పట్టేది. నాది అలాంటిది కాదు.

పొద్దున్న తీస్తే సీసా రాయిలా ఉంటుంది. ఇంటికి వచ్చేలోపు అరచేతుల్లో పెట్టి రుద్ది కరిగిస్తాను. అనూరాధ సూది తనే పొడుచుకుంటుంది.

"తాతా, ఇంత సల్లదనం ఎందుకు. నొప్పెడతంది."

"సల్లగా ఉంటేనే సత్తువ," అన్నాను.

జనవరి 24

రంగు బాగా లేదు.

రోజూ పొద్దున్న గాజు గొట్టంలో నీలం మందు పోసి, పిల్ల ఉచ్చ చుక్కలు వేసి, దీపం మీద మరిగిస్తాం. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ పరవాలేదు. పసుపు చెడ్డది. ఇటుక రంగు వస్తే ఒంట్లో చక్కెర పొంగిపోతున్నట్టు. నాకు అక్షరం కంటే ముందు ఈ రంగులు వచ్చు.

వారం నుంచి ఇటుక రంగే. బిందెడు నీళ్లు తాగుతోంది. పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చుంటోంది. నీలం రంగు ఉన్న రోజుల్లో ఈ పిల్ల నోటితో లెక్కలు చేసేది, నేను కాగితం వెతికేలోపు జవాబు చెప్పేది.

"ఏటయింది," అన్నాను.

"అచ్చరాలు కదులుతున్నాయి తాతా. లెక్క సగం దాకా ఎల్తాను, మొదలు మర్చిపోతాను."

సరిగ్గా తినడం లేదని చిట్టమ్మని తిట్టాను.

ఫిబ్రవరి 2

లెక్కల్లో తప్పింది. అర్ధ సంవత్సరం పరీక్షలో మొదటి పిల్ల ఇప్పుడు తప్పింది. గురునాథరావు మేస్టారు పేపరు మీద ఎర్ర సిరాతో రాశాడు: సోమరితనం.

ఆ మాట చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. చదివాక పేపరు నలిపేశాను. అనూరాధ దాన్ని తీసి మళ్లీ సాపు చేసుకుంది.

మోహన్ బోటు దిగి వచ్చి అన్నాడు, "అయ్యా, మేస్టారికి సంగతి సెప్పేద్దాం."

చెయ్యెత్తాను. మాట మానేశాడు.

ఫిబ్రవరి 9

ఇవాళ్టిది రాయకుండా పడుకోలేను.

లెక్కల క్లాసులో పిల్ల బయటికి వెళ్తానని అడిగింది. గురునాథరావు ఒప్పుకోలేదు. మళ్లీ అడిగింది. "లెక్క ఇచ్చినప్పుడల్లా నీకు వస్తుందా," అని బెంచీ ఎక్కించాడు. బెత్తంతో పిక్కల మీద కొట్టాడు. బెంచీ మీద నిలబడే పిల్ల బట్టలు తడిపేసుకుంది. పదో తరగతి ఆడపిల్ల. మగపిల్లలు నవ్వారు. ఒకడు "జాలారిపేటలో సముద్రం పోటు వచ్చిందిరా" అన్నాడట.

ఇంటికి వచ్చి మూల కూర్చుంది. చిట్టమ్మ పిక్కలకి నూనె రాసింది. నాలుగు గీతలు ఉబ్బి ఉన్నాయి.

వాడి ఇల్లు కూర్మన్నపాలెంలోనట. అంత దూరం ఎందుకు. స్కూలుకే వస్తాడుగా.

ఫిబ్రవరి 10

తెడ్డు తీసుకెళ్లాను. పాత తెప్ప మీదిది, చింతచెక్క.

గురునాథరావు బోర్డు మీద గీతలు గీస్తున్నాడు. "ఎవరయ్యా," అన్నాడు. చెప్పలేదు. మొదటి దెబ్బ భుజం మీద వేశాను. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టాడు, ముంజేతి ఎముక విరిగింది. ఎండు కొమ్మ విరిగినట్టు వినబడింది. బల్ల మీద పడ్డాడు, కళ్లజోడు కింద పడింది, దాన్ని తొక్కాను. పిల్లలు కిటికీల్లోంచి దూకారు. వాడి జుట్టు పట్టి ఎత్తి, "బెంచీ ఎక్కరా," అన్నాను. ఎక్కలేకపోయాడు. ఎక్కేదాకా కొడదామనుకున్నాను.

అప్పుడు అనూరాధ నా నడుం పట్టుకుంది. "తాతా ఒగ్గీ, ఒగ్గీ తాతా," అంటోంది. నా మోచెయ్యి తగిలి దాని పెదవి చిట్లింది. అదీ నేను చూడలేదు. తర్వాత చెప్పారు.

నాకు బాధ లేదు.

ఫిబ్రవరి 12

స్టేషనులో రెండు రోజులు ఉంచి వదిలారు. అక్కడా కొట్టారు. కుర్రవాళ్లు, బలం లేదు.

పెద్ద టీచరమ్మ వెంకటరమణమ్మ మోహన్‌తో చెప్పి పంపింది. పిల్ల ఇంక స్కూలుకి రానక్కరలేదు. హాల్ టికెట్టు తన బీరువాలో ఉంది, ఇవ్వదు. హాల్ టికెట్టు లేకపోతే పరీక్ష హాలు గుమ్మం కూడా తొక్కనివ్వరట.

"నువ్వు ఆడి సెయ్యి ఇరగ్గొట్టలేదు అయ్యా," అన్నాడు మోహన్. "దీని సదువు ఇరగ్గొట్టావు."

ఫిబ్రవరి 13

ఇటుక రంగు.

ఫిబ్రవరి 16

పొద్దున్న లేపితే లేవలేదు. పొట్ట ఎగరేసి ఊపిరి తీస్తోంది. నోటి దగ్గర పండిపోయిన పండు వాసన. మోహన్ భుజాన వేసుకుని ఆటో దాకా పరుగెత్తాడు. నేను వెనక పరుగెత్తాను. పెద్దాసుపత్రిలో రెండు చేతులకీ సెలైన్లు పెట్టారు.

డాక్టరమ్మ అడిగింది, మందు ఎక్కడ ఉంచుతున్నారు అని. నేను చెప్పాను, హార్బరులో, ఐసులో, ఉప్పు వేసి, రాయిలా నిలబెట్టాను అని. గర్వంగానే చెప్పాను.

సీసా తీసి వెలుతురుకి పెట్టి చూసింది. లోపల మందు పొలుసులు పొలుసులుగా గోడకి అంటుకుని ఉంది. నా వైపు తిరిగి ఏదో అంది. నాకు సరిగ్గా వినబడలేదు. సముద్రం మీద పని చేసిన చెవులు.

మోహన్‌కి వినబడింది.

ఫిబ్రవరి 17

నా కొడుకు నన్ను కొట్టాడు. వరండాలో, ఏడేళ్ల కింద పోతమ్మ వేలు చూపించిన చోటే. మంచి దెబ్బ. భుజంలోంచి వచ్చింది. అలా కొట్టడం నేనే నేర్పాను. దవడ కదలడం లేదు, గంజి తాగుతున్నాను.

పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు.

ఫిబ్రవరి 18

ఐసు నా చేతిలో ఎప్పుడూ ఎవరికీ చెడు చేయలేదు. నేను పెట్టిన రొయ్య వాసన వచ్చిందని ఒక్క వ్యాపారి అనలేదు. అంటే ఐసులోనే ఏదో తేడా ఉంది.

హార్బరుకి వెళ్లి అబ్బులు చొక్కా పట్టుకున్నాను. "ఐసులో ఏటి కలిపావ్."

"నీళ్లు మావా. ఐసులో నీళ్లే కలుపుతారు."

ముక్కు మీద గుద్దాను. రక్తం ఐసు మీద పడి పాకింది. వాడు తిరిగి కొట్టలేదు. పంచె చెంగుతో ముక్కు అదుముకుని, నా పెట్టె మూత తీసి, ఒక ఐసు ముక్క నా చేతిలో పెట్టాడు.

"ఐసు గట్టిపరస్తాది మావా. దాని పని అదే. నువ్వేటి ఎట్టావో దాన్నడుగుతావేటి."

పెట్టెని తెడ్డుతో పగలగొట్టాను. చెక్క, రేకు, పొట్టు, అన్నీ. హార్బరంతా నిలబడి చూసింది. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

ఫిబ్రవరి 20

కళ్లు తెరిచింది. మొదట నీళ్లు అడిగింది. తర్వాత ఇవాళ ఏ తేదీ అని అడిగింది. నన్ను చూసింది. గోడ వైపు తిరిగింది.

మధ్యాహ్నం గురునాథరావు వచ్చాడు. చేతికి సిమెంటు కట్టు. నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. నేను లేవలేదు. లేస్తే ఏం చేస్తానో నాకు తెలియదు. లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు నా ముందు ఆగాడు.

"ఆసుపత్రిలో ఉందని పిల్లలు చెబితే వచ్చాను. రోగమని నాకు ఎవరూ చెప్పలేదయ్యా," అన్నాడు. "బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి ఇలా అయిపోతే పొగరనుకున్నాను. ఒక్క మాట చెప్పుంటే కిటికీ పక్కన కూర్చోబెట్టీవాణ్ని. అడక్కుండానే పంపీవాణ్ని."

"సెప్పకపోతే కొట్టీడమేనా."

"తప్పే. కొట్టకూడదు. నువ్వు కూడా అడగకుండానే కొట్టావు."

వాడి ఎడమచేతికి గడియారం కట్టి ఉంది. విరిగింది రాసే కుడిచెయ్యి. ఇప్పుడు బోర్డు మీద రాయలేడు.

ఫిబ్రవరి 27

ఇంటికి తెచ్చాం. డాక్టరమ్మ చెప్పినట్టు పెద్ద కుండలో తడి ఇసుక, దానిలో చిన్న కుండ, అందులో కొత్త సీసా. ఐసు వద్దంది. ఐసు పక్కకి కూడా వెళ్లకూడదంది. చల్లదనం చాలు, గడ్డ కడితే మందు చచ్చిపోతుందట. మూడుసార్లు చెప్పింది, నా ముఖం చూస్తూ. ఈసారి వినబడింది.

ఇసుక తడపడం నేనే చేస్తున్నాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వను.

ఇంకొక మాట కూడా చెప్పింది. చదువు మీద పడి తిండి వేళ తప్పితే చక్కెర ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, తెలిసిన లెక్క కూడా తెలియకుండా పోతుంది. అప్పుడు వెంటనే నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టాలట.

"బెల్లమా," అన్నాను.

"బెల్లమే," అంది.

చిట్టమ్మ తల వంచుకుని కూర్చుంది. వాళ్ల అమ్మ ఈ మాట విని ఉండాల్సింది.

మార్చి 4

ఆకుపచ్చ.

మార్చి 6

నీలం. నేను దీపం ఆర్పేలోపు రెండు లెక్కలు చేసేసింది. ఈ పిల్ల బుర్రకి ఏమీ కాలేదు. సీసాలో మందు ప్రాణంతో ఉంటే బుర్ర ప్రాణంతో ఉంటుంది. సోమరితనమట.

మార్చి 9

మోహన్, చిట్టమ్మ స్కూలుకి వెళ్లి వెంకటరమణమ్మని బతిమాలారు. ఆసుపత్రి కాగితం చూపించారు. ఆవిడ చదివి, పిల్ల మీద జాలిపడిందట. అయినా మాట మార్చలేదు. పొద్దున్న ప్రార్థనలో, పిల్లలందరి ముందు, నూకాలు, అంటే నేను, వచ్చి మేస్టారికి క్షమాపణ చెప్పాలి. తెడ్డుతో వచ్చి మేస్టారి చెయ్యి విరగ్గొడితే పని అవుతుందని పిల్లలు నేర్చుకోకూడదట.

నేను పోనన్నాను. తుఫానుకి తల వంచలేదు, పోలీసుకి వంచలేదు. నూకాలు మెడ అలా తయారవలేదు.

"అయితే గుంట పరీచ్చ మానీమను," అన్నాడు మోహన్. "నువ్వే సెప్పు దాంతో."

మార్చి 11

చెప్పలేదు.

మార్చి 13

అనూరాధ పుస్తకం మూసి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను కుండలో ఇసుక తడుపుతున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక నాతో అవసరమైన మాటే మాట్లాడుతోంది. దాని పెదవి మీద ఆ గాటు మచ్చ పడింది.

"తాతా, ఒకటి అడగనా."

"అడుగు."

"మేస్టారు తెలీక నన్ను కొట్టినారు. నువ్వెల్లి ఆయన సెయ్యి ఇరగ్గొట్టావు."

"మరి."

"నువ్వు తెలీక మందు ఐసులో ఎట్టావు. నిన్నెవులు కొట్టాల?"

నా మీద ఇంత వరకూ ఎత్తిన చెయ్యి ఏదీ ఇంత లోతుకి దిగలేదు. చెయ్యి లేచింది. నిజం రాస్తున్నాను, చెయ్యి లేచింది. పిల్ల కదలలేదు. మచ్చ ఉన్న ఆ పెదవి అలాగే పెట్టుకుని చూసింది. చెయ్యి ఇసుకలో పెట్టేశాను.

"మీ అయ్య కొట్టీసినాడు గదే," అన్నాను.

"అది అయ్య కోపం. నాది నాను అడుగుతున్నాను."

లేచి వెళ్లి మళ్లీ పుస్తకం తీసింది.

మార్చి 14

నీలం. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 15, ఆదివారం

రేపు ప్రార్థన గంటకి వెళ్తాను. పోతమ్మని కూడా రమ్మని మోహన్‌ని రుషికొండ పంపాను. దేనికని అడిగాడు. రమ్మను అన్నాను.

అక్కడ నోరు తెరిస్తే నాకు వేరే మాట వస్తుంది. అందుకని చెప్పాల్సింది ఇక్కడ రాసి, బట్టీ పట్టి వెళ్తాను. పిల్ల పాఠం బట్టీ పట్టినట్టే.

పెద్ద టీచరమ్మా. నేను నూకాలుని. మేస్టారి చెయ్యి విరగ్గొట్టింది నేను. రోగం సంగతి చెప్పొద్దన్నదీ నేను. మందు గడ్డకట్టించిందీ నేను. మూడూ మీ పిల్లలందరి ముందు చెప్పేశాను, ఎవరైనా ఇంకోసారి అడిగితే మళ్లీ చెబుతాను. ఇదిగో తెడ్డు. మేస్టారికి ఎడమచెయ్యి ఉంది. కొడితే కొట్టమనండి, నేను చెయ్యి అడ్డం పెట్టను. కొట్టకపోతే దాన్ని ఇక్కడే వదిలి వెళ్తాను, పొయ్యిలో పెట్టుకోండి.

మేస్టారూ. మీరు కూడా ఒక మాట అనాలి. నాకు కాదు. ఆ బెంచీ దగ్గర నిలబడి, నవ్విన పిల్లలందరూ వినేలా, నా మనవరాలికి అనాలి. సోమరితనం అని రాసిన ఆ ఎర్ర సిరా మీరే కొట్టేయాలి.

పరీక్ష గురువారం. పిల్ల నీళ్లు తాగుతుంది, తాగనివ్వాలి. బయటికి వెళ్లాలంటే పంపాలి. దాని దగ్గర బెల్లం ముక్క ఉంటుంది. కాపీ చీటీ అనుకుని లాక్కోకూడదు. చేతులు వణికితే దానికి అదే మందు. ఇదంతా హాల్లో కాపలా ఉండేవాళ్లకి మీ నోటితో చెప్పాలి. మేము ఇంక ఏమీ దాచం.

పోతమ్మా. నువ్వూ విను. బెల్లం మాట వెనక్కి తీసుకో. ఏడేళ్లుగా అది అబద్ధం, ఇప్పుడూ అబద్ధమే. నన్ను అనడానికి నీకు నిజమైన మాట దొరికింది. ఐసు మాట అను. వరండాలో కాదు, ఒడ్డు మీద నిలబడి అను. నీ ఊరి నుంచి మా పేట దాకా అను. దానికి నీ తలుపు విరగ్గొట్టను. పడతాను. బెల్లం మాట మాత్రం పడను. రేపు దాని నోట్లో బెల్లం పెట్టాల్సి వస్తే ఎవరి చెయ్యీ వెనక్కి పోకూడదు.

ముగ్గురూ ఆలోచించుకోండి. నేను గేటు బయట కూర్చుంటాను. అరవను, ఎవరినీ ముట్టుకోను. గురువారం పొద్దున్న పిల్ల చేతిలో హాల్ టికెట్టు ఉండాలి, జేబులో బెల్లం ఉండాలి. ఉంటాయా, ఉండవా. బుధవారం పొద్దు గుంకేలోపు నాకు జవాబు చెప్పండి.